కాఫీ గిన్నె చెప్పు చరిత్ర

క్రీ. శ. 15వ శతాబ్దమున యెమెన్ దేశపు సూఫీ సాధువులు రాత్రి జపములయందు నిద్ర రాకుండుటకై కాఫీ త్రాగుచుండిరి. ఆ పానీయము మక్కా, కైరో నగరముల మీదుగా తురుష్క సామ్రాజ్య రాజధాని యగు ఇస్తాంబూలు చేరినది. 1554 ప్రాంతమున అలెప్పోవాడైన హకము, డమాస్కసువాడైన షంసు అను నిరువురు అచ్చట కాఫీ దుకాణములు తెరచిరని పెచెవీ యను చరిత్రకారుడు వ్రాసెను.

ఆ దుకాణములలో కొందరు పుస్తకములు చదువుదురు. కొందరు చదరంగ మాడుదురు. కవులు క్రొత్త గజళ్లు వినిపింతురు. అందుచే వానికి 'జ్ఞాన పాఠశాల' లను పేరు వచ్చెను. నలుగురు చేరినచోట ప్రభుత్వపు మంచిచెడ్డలు చర్చకు రాక మానవు. దానికి జంకి నాలుగవ మురాదు సుల్తాను 1633లో కాఫీ దుకాణములను మూయించెను. అయినను జనుల అలవాటు మానలేదు. ఆ సుల్తాను గతించిన పిమ్మట దుకాణములు మరల వెలసెను.

కాఫీతోపాటు గిన్నెల గిరాకియు పెరిగెను. తురుష్కులు పొడిని నీళ్లలో కాచి, వడకట్టకయే పోయుదురు. మడ్డి అడుగున దిగును. కావున గిన్నె చిన్నది; ఆ కాలమున దానికి పిడి యుండెడిది కాదు. వేడి చేతికి తగులకుండ లోహపు తొడుగులో నుంచి యందించెడివారు.

16వ శతాబ్దమున ఇజ్నిక్ పట్టణపు పనివారు తెల్లరాతి పొడి కలిపిన మట్టితో పాత్రలు చేసి, వానిపై నీలము, ఎరుపు రంగులతో తులిపు పూవులు చిత్రించి, గాజుపూత పూసి కాల్చిరి. సుల్తానుల కట్టడములు తగ్గి, దర్బారు ఇచ్చు వెలలు గిట్టుబాటుగాక, 17వ శతాబ్దమున ఆ పరిశ్రమ క్షీణించెను. కుతాహ్యా పట్టణపు పనివారు మాత్రము సామాన్యులు కొనదగిన కాఫీ గిన్నెలు చేసి నిలిచిరి. వారిలో ఆర్మీనియను క్రైస్తవులు పెక్కురు. 1766లో అచ్చటి గిన్నెల పనివారి కూలిని గూర్చిన ఒడంబడిక న్యాయస్థానపు దస్తరములో నమోదయ్యెను. రాజాశ్రయమున పెరిగిన కళ వాడిపోగా, జనుల వాడుక నాశ్రయించిన కళ బ్రదికినది.

ఆ గిన్నెను తురుష్కులు 'ఫింజాన్' అందురు. దానికి మూలము పారసీకపు 'పింగాన్'. మన 'పింగాణి'యు ఆ మాటకు చుట్టమే.

19వ శతాబ్దమున ఇస్తాంబూలులోని కొన్ని కాఫీ దుకాణములు పత్రికలను, పుస్తకములను తెప్పించి 'కిరాత్‌ఖానా'లు, అనగా పఠన మందిరములు, అయినవి. ఒకనాడు పాలకుడు మూయించిన చోటనే జనులు కూర్చుండి చదువుకొనిరి. నలుగురు కూడి చదువుకొను చోటును కాపాడుకొనుట యెంత విలువైనదో ఈ చరిత్ర తెలుపుచున్నది.