బరువులెత్తే కడ్డీ, బూటు మడమ: వాటి వెనుక ఉన్న శాస్త్రం

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 69 కిలోల తరగతిలో బంగారు పతకం తెచ్చాడు. స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల తరగతిలో వెండి పతకం. ఆ తర్వాత మన వాళ్ల పిల్లలు వ్యాయామశాలకు వెళ్తామంటే ఇంట్లో అడ్డు చెప్పడం కొంత తగ్గింది. అయితే ఏ సామానుతో, ఎలా ఎత్తుతున్నారన్నది పెద్దలు అడగడం తక్కువ.

పోటీల్లో మగవారి కడ్డీ 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవారిది 15 కిలోలు, పొడవు 2.01 మీటర్లు, మందం 25 మిల్లీమీటర్లే. చేయి చిన్నది కాబట్టి పిడికిలి పూర్తిగా మూయాలి కదా! ఆడపిల్లకు మగవారి కడ్డీ ఇచ్చి సర్దుకోమనడం సరికాదు. ఇక ప్లేట్లు ఎక్కించే రెండు చివర్లూ కడ్డీతో సంబంధం లేకుండా తిరుగుతాయి. స్నాచ్‌లో మణికట్టు తిప్పేటప్పుడు ప్లేట్లు కూడా తిరగాల్సి వస్తే ఆ భారమంతా మణికట్టు మీదే పడుతుంది. చివర్లు బిగుసుకుపోయిన పాత కడ్డీతో జరిగేది ఇదే. నూనె వేయించండి, లేదా మార్పించండి.

ఈ క్రీడను విశ్వవిద్యాలయాల్లో కొలిచినవారిలో ముఖ్యుడు అమెరికాలో లాంగ్ బీచ్ ఆచార్యుడు జాన్ గార్హామర్. పోటీల ఫిల్ములు తీసి, కడ్డీ ఎంత వేగంతో ఏ దారిన పైకి పోతుందో లెక్కకట్టాడు. 150 కిలోలను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తితే అది దాదాపు రెండు హార్స్‌పవర్ల పని. మన పొలాల్లో నీళ్లు తోడే చిన్న మోటారంత! 1991లో ఆయన స్త్రీ పురుషులను పోల్చి, స్త్రీల శక్తి అప్పటిదాకా నమోదైన దానికంటే ఎక్కువని చూపాడు. తొమ్మిదేళ్లకు సిడ్నీలో, మన పక్క జిల్లా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం గెలిచింది.

బూట్ల సంగతి. పరుగు బూట్ల అడుగు మెత్తన, బరువు పడితే అణిగి కాలు ఊగుతుంది. వెయిట్‌లిఫ్టింగ్ బూటు మడమ గట్టిగా, సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తుగా ఉంటుంది. కింద కూర్చున్నప్పుడు నడుము ముందుకు వాలడాన్ని అది తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది, ముఖ్యంగా చీలమండ బాగా వంగనివారికి. నేల మీద గొంతుక్కూర్చుని పెరిగిన మా తరానికి ఆ ఇబ్బంది తక్కువ. కుర్చీల్లో పెరిగిన పిల్లల సంగతి వేరు.

మన దేశంలోనూ ఈ పని సాగుతోంది. ఐఐటీ మద్రాసులో క్రీడాశాస్త్ర కేంద్రం ఉంది. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అభినవ్ బింద్రా సంస్థతో కలిసి ఒడిశా ప్రభుత్వం పెట్టిన కేంద్రం ఉంది. అక్కడికి అందరూ వెళ్లలేరు. ఇంట్లో సెల్‌ఫోను ఉంది కదా. దాన్ని పిల్లవాడికి పక్కగా, నడుము ఎత్తులో, కదలకుండా నిలబెట్టి స్లోమోషన్‌లో తీయండి. కడ్డీ చివర ఎలా కదులుతుందో చూడండి. నేల విడవగానే కొంచెం ఒంటి వైపు రావాలి. మొదటే ముందుకు పోతుంటే బరువు తగ్గించి, ఆ వీడియో కోచ్‌కి చూపించండి.