బ్లాక్ బాక్స్‌లోని మాటలను ఎలా రాస్తారు? ట్రాన్స్‌క్రిప్ట్‌లో ‘*’ గుర్తుకు అర్థమేంటి?

విమానం కూలిందన్న వార్త వస్తే చాలు.. గంటల్లోనే మన ఫోన్లలో ‘బ్లాక్ బాక్స్ ఆడియో ఇదే’ అంటూ ఓ క్లిప్ తిరగడం మొదలవుతుంది. పైలట్ల అరుపులు, అలారం మోతలు, కింద సబ్‌టైటిల్స్.. అన్నీ ఉంటాయి. అయితే దర్యాప్తు సంస్థలు ఆ ఆడియోను సాధారణంగా బయటకు ఇవ్వవు. జనానికి అందేది ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రమే. అంటే రికార్డయిన మాటల్ని, శబ్దాల్ని విని కాగితం మీద పెట్టిన రూపం. అది కూడా అన్నిసార్లూ పూర్తిగా రాదు.

2025లో అహ్మదాబాద్‌లో జరిగిన ఎయిరిండియా ప్రమాదం తర్వాత ప్రాథమిక నివేదికలోని రెండంటే రెండు వాక్యాలపై దేశమంతా చర్చ జరిగింది. ఇంతకీ ఆ మాటల్ని ఎవరు వింటారు? ఎలా రాస్తారు? వినపడని మాటను ఏం చేస్తారు? వివరంగా చూద్దాం.

ఒక్క అక్షరం తేడా చాలు..

‘ఆపేశావ్’, ‘ఆపేశా’, ‘ఆపేశావా’. ఈ మూడు మాటలు ఓసారి పైకి అనిచూడండి. మొదటిది నింద. రెండోది ఒప్పుకోలు. మూడోది ప్రశ్న. తేడా అంతా చివర్లోనే ఉంది. వెనకాల ఇంజిన్ మోత, పైన అలారం ఉంటే ముందుగా వినపడకుండా పోయేది కూడా ఆ చివరి ముక్కే.

మా డెస్క్‌లో సబ్‌టైటిల్స్ వేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఓసారి ఫీల్డ్ నుంచి ఓ రైతు బైట్ వచ్చింది. పక్కనే ట్రాక్టర్ నడుస్తోంది. అప్పు గురించి ఆయన ‘కట్టలేను’ అన్నారు. మేం ‘కట్టలేదు’ అని వేసేశాం. కట్టే స్తోమత లేని మనిషిని ఎగ్గొట్టిన మనిషిగా చూపించాం. ఆయనే ఫోన్ చేసి చెబితే సరిదిద్దాం. కాక్‌పిట్‌లో మాట్లాడినవాళ్లలో చాలామందికి అలా ఫోన్ చేసి ‘నేనలా అనలేదు’ అని చెప్పే అవకాశం ఉండదు. అందుకే ఈ పనికి అన్ని రూల్స్.

రికార్డర్‌లో ఏముంటుంది?

బ్లాక్ బాక్స్ అంటాం కానీ దాని రంగు నారింజ. మామూలుగా విమానంలో రెండు పెట్టెలు ఉంటాయి. ఒకటి విమానం వేగం, ఎత్తు, ఇంజిన్ వివరాలు దాచేది. రెండోది కాక్‌పిట్ వాయిస్ రికార్డర్. అహ్మదాబాద్‌లో కూలిన బోయింగ్ 787 రకంలో మాత్రం ఈ రెండు పనులూ చేసే పరికరాలు ముందొకటి, వెనకొకటి ఉంటాయి.

వాయిస్ రికార్డర్‌లో సాధారణంగా నాలుగు ఛానెళ్లు ఉంటాయి. కెప్టెన్ మైక్ ఒకటి, కోపైలట్ మైక్ ఒకటి, అదనపు సీటు లేదా అనౌన్స్‌మెంట్ మైక్ ఒకటి. నాలుగోది కాక్‌పిట్ మొత్తాన్నీ వినే ఏరియా మైక్. స్విచ్ క్లిక్‌మన్నా, సీటు కదిలినా, తలుపు చప్పుడైనా పట్టేది ఇదే.

రికార్డింగ్ నిడివి చాలా విమానాల్లో 2 గంటలే. ఆ తర్వాత పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది పడుతుంది. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా డోర్ ప్యానెల్ ఊడిపోయింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. కానీ దిగాక రికార్డర్‌ను సమయానికి ఆపకపోవడంతో ఆ ఆడియో మొత్తం చెరిగిపోయింది. అమెరికా అదే ఏడాది 25 గంటల రికార్డింగ్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఒక్కరు విని రాసేయరు

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పద్ధతి చూద్దాం. అక్కడ ట్రాన్స్‌క్రిప్ట్ కోసం ప్రత్యేకంగా ఓ గ్రూప్ వేస్తారు. ఎన్‌టీఎస్‌బీ నిపుణుడు దానికి హెడ్. విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, ఎయిర్‌లైన్, విమాన తయారీ కంపెనీ, పైలట్ల యూనియన్.. ఇలా ఒక్కో వైపు నుంచి ఒక్కొక్కరు కూర్చుంటారు. ఆ రకం విమానం నడిపినవాళ్లు, ఆ పైలట్ల గొంతు ఎరిగినవాళ్లు కూడా ఉండేలా చూస్తారు. విన్నది బయట చెప్పబోమని ముందే సంతకం పెట్టాలి.

ఒక్కో వాక్యాన్ని పదే పదే వింటారు. ఏ మాట అన్నారు, ఎవరు అన్నారు అన్నదానిపై గ్రూప్ ఓ అంగీకారానికి రావాలి. ఎయిర్‌లైన్ మనిషికి ఒకలా, యూనియన్ మనిషికి ఇంకోలా వినిపిస్తే.. గట్టిగా వాదించినవాళ్ల మాటను రాసేయరు. అనుమానం ఉందని గుర్తు పెడతారు. పైలట్లు బతికి ఉంటే వాళ్లకు కూడా చూపించి అభిప్రాయం తీసుకుంటారు.

ఇక టైమ్ లెక్క మరో పెద్ద పని. పైలట్ రేడియో బటన్ నొక్కిన క్షణం డేటా రికార్డర్‌లోనూ పడుతుంది. అదే మాట ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ టేపులోనూ ఉంటుంది. వీటిని జత చేసి ప్రతి మాటకూ టైమ్ వేస్తారు. ఏ మాట స్విచ్ కదలకముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది తేలేది ఇక్కడే.

ఆ గుర్తుల అర్థం ఇదీ

ట్రాన్స్‌క్రిప్ట్ మొదటి పేజీలోనే గుర్తుల పట్టిక ఉంటుంది. ముఖ్యమైనవి ఇవి..

• \* : మాట ఉంది, కానీ అర్థం కాలేదు
• ( ) : బ్రాకెట్లో ఉన్న మాట అనుమానమే, కచ్చితం కాదు
• [ ] : మాట కాదు, రాసినవాళ్లు ఇచ్చిన వివరణ. శబ్దాలు ఇందులోనే
• # : బూతు మాట
• @ : విమానం నడపడానికి సంబంధం లేని మాట
• ... : మధ్యలో ఆగారు
• –1, –2, –? : వరుసగా కెప్టెన్, కోపైలట్, ఎవరో తెలియని గొంతు

వీటి పక్కన మైక్ పేరు ఉంటుంది. హెచ్‌ఓటీ అంటే పైలట్ నోటి దగ్గరి మైక్. సీఏఎం అంటే ఏరియా మైక్. ఆర్‌డీఓ అంటే రేడియో. మన రెవెన్యూ ఆర్డీవో కాదు! సాగదీసి పలికిన మాటను సాగదీసే రాస్తారు. గ్రామర్ తప్పుంటే దిద్దరు.

ఇప్పుడు ఓ చిన్న ఉదాహరణ. ఇది నిజమైంది కాదు, కేవలం అర్థం కావడానికి ఊహించి రాసింది..

10:14:05 హెచ్‌ఓటీ–2: స్పీడ్ (ఎయిటీ).
10:14:09 సీఏఎం: [క్లిక్ లాంటి శబ్దం]
10:14:11 సీఏఎం–?: * ఎందుకు...

దీన్ని చూసి చాలామంది ‘స్విచ్ ఎందుకు వేశావని కెప్టెన్ అడిగాడు’ అనేస్తారు. కానీ ఇందులో స్విచ్ అన్న మాటే లేదు. క్లిక్ ‘లాంటి’ శబ్దం అని మాత్రమే ఉంది. అడిగింది కెప్టెన్ అని కూడా లేదు. ‘ఎందుకు’ ముందు మాట ఏంటో వాళ్లకే అర్థం కాలేదు. అంటే ఈ మూడు లైన్లలో తెలిసినవాటి కన్నా తెలియనివే ఎక్కువ. ఆ సంగతి దాచకుండా చెప్పడమే మంచి ట్రాన్స్‌క్రిప్ట్ లక్షణం.

ఆడియో నాణ్యతకు కూడా ఎన్‌టీఎస్‌బీ ఐదు గ్రేడ్లు పెట్టింది. ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్, అన్‌యూజబుల్. ‘పూర్’ అని ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్‌ను, ‘ఎక్సలెంట్’ అని ఉన్నదాన్ని ఒకేలా చదవకూడదు.

అహ్మదాబాద్ నివేదికలో ఏముంది?

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ బయల్దేరిన ఏఐ–171 టేకాఫ్ అయిన కొద్ది సెకన్లకే కూలింది. విమానంలో 241 మంది, నేల మీద 19 మంది.. మొత్తం 260 మంది చనిపోయారు. విమానంలో ఉన్నవాళ్లలో ఒక్కరే బతికారు. ముందు వైపు రికార్డర్‌లోని డేటాను ఢిల్లీలోని ఏఏఐబీ ల్యాబ్‌లో బయటకు తీశారు. అందులో 2 గంటల ఆడియో ఉంది. వెనక వైపు రికార్డర్ బాగా దెబ్బతింది.

జులై 12న వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం.. రెండు ఇంజిన్ల ఫ్యూయల్ స్విచ్‌లు సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కు మారాయి. ఎందుకు కటాఫ్ చేశావని ఒక పైలట్ అడగడం, తాను చేయలేదని రెండో పైలట్ బదులివ్వడం రికార్డింగ్‌లో వినిపిస్తోందని నివేదిక తెలిపింది. అంతే.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. ఒకటి.. అది ట్రాన్స్‌క్రిప్ట్ కాదు, సారాంశం. పైలట్లు వాడిన మాటలు ఉన్నవున్నట్లు అందులో లేవు. రెండు.. అడిగింది ఎవరో, బదులిచ్చింది ఎవరో చెప్పలేదు. మూడు.. ఆ మాటకు ముందు, వెనక ఏం మాట్లాడుకున్నారో ఇవ్వలేదు.

కానీ ఆ ఖాళీలను బయట జనం నింపేశారు. ఫలానా పైలటే అడిగాడని, ఫలానా వ్యక్తే స్విచ్ ఆపాడని కథనాలు వచ్చాయి. పైలట్ల సంఘాలు భగ్గుమన్నాయి. ధ్రువీకరించని కథనాలు వద్దని ఏఏఐబీ విజ్ఞప్తి చేసింది. అవి తొందరపాటు ఊహాగానాలని ఎన్‌టీఎస్‌బీ చైర్‌పర్సన్ కూడా అన్నారు. అప్పటికే ఇద్దరు చనిపోయిన మనుషుల పేర్లు, వాళ్ల ఇళ్లు, కుటుంబాలు టీవీల్లోకి, ఫోన్లలోకి ఎక్కేశాయి.

అనువాదంలో ఇంకో ప్రమాదం

1999 అక్టోబర్ 31న న్యూయార్క్ నుంచి కైరో వెళ్తున్న ఈజిప్ట్ ఎయిర్–990 అట్లాంటిక్‌లో కూలింది. 217 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో కోపైలట్ అరబిక్‌లో ఓ మాట పదే పదే అన్నారు. దాన్ని ఎన్‌టీఎస్‌బీ ‘దేవుడిపైనే భారం వేస్తున్నా’ అనే అర్థంలో తీసుకుంది. అయితే దర్యాప్తు మొదట్లో అమెరికా మీడియాలో ఇంకో వాక్యం కూడా ప్రచారమైంది. ‘నా నిర్ణయం తీసుకున్నా’ అని ఆయన అన్నారట! టేపులో అలాంటి మాట లేదని తర్వాత తేలింది.

ఉన్న మాట అర్థంపైనా వాదన ఆగలేదు. ‘నారాయణ’ అనడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎంత మామూలో, ఆ మాట అరబిక్ మాట్లాడేవాళ్లకు అంత మామూలు. కోపైలట్ నియంత్రణల కదలికల వల్లే ప్రమాదం జరిగిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఈజిప్ట్ ఒప్పుకోలేదు. అందుకే అనువాదం చేసినప్పుడు అసలు మాటను కూడా పక్కనే ఉంచాలి. అర్థం చెప్పొచ్చు కానీ మాటను మార్చకూడదు.

మాట లేకపోయినా రాయాల్సిందే

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. వాయిస్ రికార్డర్‌లో తొలి గంటా 40 నిమిషాలు పైలట్ల మధ్య మాటల్లేవు. వినిపించింది గురక శబ్దం. కెప్టెన్ నిద్రపోయారని, లేచాక కూడా ఆ మత్తు ఆయన నిర్ణయాలపై ప్రభావం చూపిందని దర్యాప్తు తేల్చడానికి ఆ శబ్దమే ఆధారమైంది. ల్యాండింగ్ వద్దు, మళ్లీ పైకి వెళ్దామంటూ కోపైలట్ మూడుసార్లు చెప్పిన మాటలు కూడా అందులోనే దొరికాయి. మాటలు లేవు కదా అని ఆ గంటా 40 నిమిషాలు వదిలేసి ఉంటే?

ఇక్కడే ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ టూల్స్‌తో చిక్కు. మాటలు సరిగ్గా వినపడని చోట, ఒక్కోసారి నిశ్శబ్దంలో కూడా, ఇవి నున్నటి వాక్యాలు అల్లేస్తాయి. మన వీడియోలకు వచ్చే ఆటో క్యాప్షన్లలో ఈ వింతలు రోజూ చూస్తున్నదే. మనిషి నక్షత్రం గుర్తు పెట్టాల్సిన చోట మెషీన్ మాట పెట్టేస్తే.. చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఆడియో ఎందుకు ఇవ్వరు?

అమెరికాలో ఎన్‌టీఎస్‌బీ కాక్‌పిట్ ఆడియోను బయటపెట్టకుండా చట్టమే ఉంది. ప్రమాదానికి సంబంధించిన ట్రాన్స్‌క్రిప్ట్ భాగాన్ని మాత్రం తగిన సమయంలో విడుదల చేస్తారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనలూ ఈ రికార్డింగులకు రక్షణ ఇస్తున్నాయి. ఆఖరి క్షణాల్లో మనిషి గొంతు కుటుంబానికి వినోదంలా ఎదురవకూడదన్నది ఓ కారణం. ప్రతి మాటా బయటకు వస్తుందని భయపడితే పైలట్లు కాక్‌పిట్‌లో నోరు విప్పరన్నది ఇంకో కారణం. అరుదుగా కోర్టుల ద్వారా మాత్రం ఆడియో వినిపించిన సందర్భాలున్నాయి.

మీ ఫోన్‌కు క్లిప్ వస్తే ఇలా చూడండి

• అది కాక్‌పిట్ ఆడియోనా, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ రేడియోనా? రేడియో సంభాషణలు నిజంగానే బయటకు రావచ్చు. రెండూ ఒకటి కాదు.
• ప్రమాదం జరిగిన గంటల్లోనే ‘బ్లాక్ బాక్స్ ఆడియో’ వచ్చిందా? పెట్టె దొరికి, ల్యాబ్‌కు చేరి, డేటా తీయడానికే రోజులు పడుతుంది. అహ్మదాబాద్ కేసులో డేటా బయటకు తీసింది జూన్ 25న. అనుమానించాల్సిందే.
• ప్రతి మాటా స్పష్టంగా ఉందా? ఒక్క ఖాళీ, ఒక్క అనుమానం కూడా లేదా? అయితే ఇంకా ఎక్కువ అనుమానించండి.
• నివేదికలో ‘ఒక పైలట్’ అని ఉంటే వీడియోలో పేరు ఎలా వచ్చింది?

ఎన్‌టీఎస్‌బీ తన ట్రాన్స్‌క్రిప్ట్‌కు ముందు ఓ హెచ్చరిక పెడుతుంది. ఈ పని కచ్చితమైన శాస్త్రం కాదని, ముందూవెనకా చూడకుండా ఓ ముక్క తీసుకుంటే తప్పుదారి పడతారని, దీన్ని ఒక్కదాన్నే నమ్మి నిర్ధారణకు రావొద్దని దాని సారాంశం. అన్ని రోజులు చెవులు రిక్కించి విన్నవాళ్లే అంత జాగ్రత్తగా ఉన్నారు. 30 సెకన్ల క్లిప్ చూసి షేర్ చేసే ముందు మనం ఒక్క క్షణం ఆగలేమా?