గడియ ఉంది, గాడి లేదు: మన ఇళ్లలోని పాత తుపాకుల చరిత్ర

ఈసారి కాస్త పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

మన సంఘంలో పాత భూస్వామ్య కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో అటక మీదో, బీరువా వెనకో ఒక పాత తుపాకీ ఉండటం కొత్తేమీ కాదు. ఎక్కువగా కనిపించేది జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్, అంటే మధ్యకు విరిచి తూటాలు పెట్టేది. కొన్నిచోట్ల మందు దట్టించి పేల్చే నాటు తుపాకీ. అరుదుగా మూడో రకం ఒకటి కనిపిస్తుంది. చూడటానికి మిలిటరీ రైఫిల్‌లాగే ఉంటుంది, పక్కన బోల్టు పిడి ఉంటుంది. "తాతగారి మిలిటరీ తుపాకీ" అని మనవాళ్లు గొప్పగా చెప్పుకునేది దీన్నే. చాలాసార్లు అది రైఫిల్ కాదు. రైఫిల్ వేషంలో ఉన్న షాట్‌గన్.

తేడా బయటికి కనపడదు, గొట్టం లోపల ఉంటుంది. రైఫిల్ గొట్టం లోపలి గోడ మీద మెలితిరిగిన గాడులు ఉంటాయి. గుండు ఆ గాడుల్లో బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది కాబట్టి తిన్నగా, చాలా దూరం పోతుంది. షాట్‌గన్ గొట్టం నున్నగా ఉంటుంది. సన్న గుళ్లు గుంపుగా బయటికి వచ్చి చెదురుతాయి. కొంత దూరం దాటాక పిట్టను కొట్టడమే కష్టం.

బోల్టు పనితీరు చెప్పాలంటే మన పాత ఇళ్ల తలుపు గడియ గుర్తు తెచ్చుకుంటే చాలు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల బయటపడుతుంది. కొత్త తూటా పెట్టి, ముందుకు తోసి, పిడి కిందికి దించితే గడియ పడ్డట్టే. కదిలే భాగాలు తక్కువ, చెడిపోయేవీ తక్కువ. వందేళ్ల నాటి బోల్టు ఈనాటికీ నూనె రాస్తే ఆడుతుంది. అయితే లీ-ఎన్‌ఫీల్డ్ జాతి తుపాకుల్లో ప్రతి బోల్టునూ దాని తుపాకీకే సరిపోయేలా అమర్చి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టేవారు. ఒక తుపాకీ బోల్టును తెచ్చి ఇంకో తుపాకీలో వేస్తే గడియ పడ్డట్టే ఉంటుంది గానీ తూటా వెనక సందు ఎక్కువైతే డొల్ల చిట్లి ముఖం మీదికి కొడుతుంది. నంబర్లు కలవని తుపాకీని ఎవరూ పేల్చి చూడవద్దు.

ఈ మూడో రకంలో అసలు సిసలైనది పోలీసు రికార్డుల్లో "410 మస్కట్" అని రాసేది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను తీసుకుని, గొట్టాన్ని నున్నగా, వెడల్పుగా మార్చారు. పది తూటాలు పట్టే మేగజీన్ పెట్టె తీసేసి, ఆ ఖాళీలో చెక్క దిమ్మ బిగించారు. పదిసార్లు పేల్చగలిగే రైఫిల్ ఒక్క తూటా మస్కట్ అయిపోయింది. పోలీసులకు, జైలు కాపలావాళ్లకు అవి ఇచ్చారు. స్వాతంత్ర్యం తరువాత కూడా అవి స్టేషన్లలో చాలాకాలం నిలిచాయి.

ఇక్కడ చిన్న పక్కమాట. ట్వెల్వ్ బోర్ అంటే ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుండ్లు పన్నెండు పోయవచ్చని లెక్క. 410 మాత్రం ఆ లెక్క కాదు. అది నేరుగా గొట్టం కొలత, అంగుళంలో వెయ్యింట 410 వంతులు. అంకె పెద్దది కదా అని 410ని ట్వెల్వ్ బోర్ కంటే పెద్ద తుపాకీ అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి దాని గొట్టం ట్వెల్వ్ బోర్ గొట్టంలో దాదాపు సగమే.

మంచి రైఫిల్‌ను ఎవరైనా చేతులారా ఎందుకు పాడుచేస్తారు? దానికి జవాబు ఇషాపూర్‌లో లేదు. వెనక్కి వెళ్లాలి, అదీ మనవాళ్ల దగ్గరికే.

విజయనగరం కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లలో పాలెగాళ్లు ఎందరో. పాలెం అంటే కోట, కొంత భూమి, ఆయుధాలు పట్టే మనుషులు. ఊరి కాపలా వాళ్లదే, దానికి పన్నూ వాళ్లదే. ఈటెలు, వత్తి తుపాకులు ఇంటింటా ఉండేవి. తెలుగు మాట్లాడే వంశంలో పుట్టిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ను కంపెనీవాళ్లు 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరితీశారు. 1801లో ఆయన తమ్ముడు ఊమైత్తురై మళ్లీ కోట కట్టి పోరాడాడు. విరూపాక్షి గోపాల నాయకుడు కూడా ఆ పోరులోనే పోయాడు. అదంతా అణచివేశాక 1801 డిసెంబర్ 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన చేశాడు. ఆయుధాలు అప్పగించాలి, కోటలు కూల్చాలి, అప్పగించినవాళ్లకు క్షమాభిక్ష. దక్షిణాదిలో తుపాకీ అనేది ఇంటి సామాను నుంచి సర్కారు దయగా మారింది అప్పుడే అని నా అభిప్రాయం. ఆయుధ చట్టాల చరిత్రను 1857తో మొదలుపెట్టేవాళ్లు ఈ 56 ఏళ్లను మరిచిపోతున్నారు.

ఇక 1857. సిపాయిల చేతిలో తామే పెట్టిన తుపాకులు తమ మీదికే తిరిగాయి. తరువాత బ్రిటిష్‌వాళ్లు రెండు పనులు చేశారు. ఫిరంగులు దాదాపు పూర్తిగా తెల్ల సైనికుల చేతిలోనే ఉంచారు. భారతీయ సైనికులకు గాడులు లేని ఎన్‌ఫీల్డ్ మస్కట్లు తయారుచేసి ఇచ్చారు. బయటికి అదే తుపాకీ, లోపల నున్నటి గొట్టం. తెల్ల సైనికుడి గుండు చేరే దూరానికి నల్ల సైనికుడి గుండు చేరకూడదు, అంతే సూత్రం. తరువాత కాలంలో సైన్యానికి ఒక్కో తరం వెనకబడిన రైఫిళ్లు ఇస్తూ వచ్చారు గానీ పోలీసుల విషయంలో నున్న గొట్టం అలవాటు పోలేదు. కొత్త నమూనా రైఫిల్ వచ్చినప్పుడల్లా పాతదాని గొట్టం గీకించి పోలీసుకు ఇవ్వడం ఆనవాయితీ అయింది. 410 మస్కట్ ఆ వరసలో చివరిది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రైఫిల్ గుండు బజారులో పేలిస్తే మైలు అవతల ఉన్నవాడికి తగలవచ్చు. గుంపును చెదరగొట్టడానికి దగ్గరి దూరంలో ఆగిపోయే తుపాకీ మంచిదన్నది పోలీసు పనికి సంబంధించిన నిజమైన కారణమే. కానీ ఆ ఒక్క కారణమే అయితే తూటాను కూడా మార్చవలసిన పని లేదు. 410 మస్కట్ తూటా బజారులో దొరికే మామూలు 410 తూటా కాదు. .303 డొల్లనే మెడ సన్నం చేయకుండా తిన్నగా వదిలేసి, పూనా దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో సర్కారే తయారుచేసింది. స్టేషన్ మీద పడి తుపాకీ ఎత్తుకుపోయినా, చేతిలో ఉన్న తూటాలు అయిపోయాక అది కర్రతో సమానం.

ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 24న, దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు ఆ దళం తుపాకులకే పడిపోయారు. అంతకు నలభై ఏళ్ల ముందు, 1880లో, రంప పితూరీ మల్కనగిరి దాకా పాకింది. అక్కడ తమ్మన్న దొర దానికి నాయకుడు. ఒడిశా వైపు మన సభ్యులకు ఆ పేరు కొత్త కాదు. పోలీసు చేతి తుపాకీ రేపు ఎవరి చేతిలో ఉంటుందో అన్న అనుమానం సర్కారు మనసులో ఎప్పుడూ ఉంది.

పోలీసుల సంగతి అలా ఉంటే, ఇళ్ల సంగతి 1878లో తేలిపోయింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధ చట్టం భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి చేసింది. తెల్లవాళ్లకు అక్కరలేదు. బిరుదులున్న కొందరు పెద్దవాళ్లకూ మినహాయింపు దొరికింది. మన వైపు పాత ఇళ్లలో తుపాకీని ఆస్తిగా కాక హోదాగా చూడటం ఇక్కడ మొదలైంది. పక్కనే కొడగులో మరో కథ. అక్కడ కొడవలకు, జమ్మా భూమి హక్కున్నవాళ్లకు బ్రిటిష్ కాలం నుంచే లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ఇప్పటి కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. ఒకే కర్ణాటకలో ఒక జిల్లావారికి తుపాకీ పూజకు పెట్టే వస్తువు, పక్క జిల్లాలో మనకు కలెక్టరేట్ చుట్టూ తిరగవలసిన ఫైలు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. 1962 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. అందులో 13వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. రక్షణకో ఆటకో 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకీ, నిజమైన పంట కాపలాకు మందు దట్టించే తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలని ఉంది. మిగతా తుపాకులకు మాత్రం సరైన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. .303లాంటి సైన్యం సైజులు మామూలు పౌరుడికి నిషిద్ధం. తెల్లదొర 1858లో సిపాయికి గీసిన గీతనే మన పార్లమెంటు కాస్త మర్యాదగా పౌరుడికి గీసింది. ఈ గీత ఉండటం తప్పని నేను అనను. ఊళ్లో రైఫిళ్లు తక్కువ ఉండటమే మంచిది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి, అంతే.

ఇళ్లలోకి వచ్చిన బోల్టు షాట్‌గన్లలో అన్నీ ఇషాపూర్‌వి కావు. ఇంగ్లండ్‌లో వెబ్లీ అండ్ స్కాట్‌లాంటి కంపెనీలు తోటల్లో ఎలుకలు, పిట్టలు కొట్టడానికి చిన్న 410 బోల్టు తుపాకులు చేశాయి. మొదటి యుద్ధం తరువాత జర్మనీలో మిగిలిపోయిన మౌజర్ రైఫిళ్లను ట్వెల్వ్ బోర్‌గా మార్చి చవగ్గా అమ్మారు. మీ ఇంట్లోది ఏ రకమో గొట్టం మీద, బోల్టు గూడు మీద కొట్టిన ముద్రలు చెబుతాయి. ఇషాపూర్‌దైతే గూడు పక్కన ఆ ఫ్యాక్టరీ గుర్తు, సంవత్సరం ఉంటాయి. ఇది తెలుసుకోవడం సరదా కోసం కాదు. మామూలు 410 తూటా పోలీసు మస్కట్ గదిలో వదులుగా కూర్చుంటుంది. పేలిస్తే డొల్ల ఉబ్బి చీలిపోతుంది.

ఇక అసలు చిక్కు. లైసెన్సుదారుడు పోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకోవడం నేరం. "నాన్నగారి జ్ఞాపకం" అన్న మాట కోర్టులో చెల్లదు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా ఉంచుకుంటే మామూలు తుపాకీకి కూడా రెండు నుంచి ఐదేళ్ల జైలు. మన పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది, అటక మీద తుపాకీ ఉంటుంది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేసు ఆమె మీదే పడుతుంది.

చేయవలసింది పెద్ద పని కాదు. ముందు తుపాకీని, తూటాలను స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. ఉంచుకోవాలనుకుంటే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల పత్రాలు పెట్టి వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుడు బతికుండగానే, 70 ఏళ్లు నిండినా, లేదా ఆ తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గరే ఉన్నా, వారసుడికి మార్చుకోవచ్చు. పెద్దవాళ్లున్న ఇళ్లు ఈ దారి పట్టడం మేలు. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. పంట కాపలా లైసెన్సు ఉన్నా అడవి పందిని కొట్టే హక్కు దానంతట అది రాదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. ఈ తేడా తెలియక కృష్ణగిరి, హోసూరు వైపు రైతులు కేసుల్లో ఇరుక్కుంటే మనకే కష్టం.

అక్కర్లేదనుకునేవాళ్లు అప్పగించేయండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే ఇచ్చేముందు ఒక గంట కేటాయించండి. తుపాకీ ఖాళీగా ఉందని తెలిసినవాళ్ల చేత చూపించుకుని, గొట్టం మీద, గూడు మీద, బోల్టు మీద ఉన్న ప్రతి ముద్రనూ ఫోటో తీయండి. పాత లైసెన్సు పుస్తకం ఉంటే ప్రతి పేజీ తీయండి. దాంట్లో ఎవరి పేరు మీద, ఏ తాలూకాలో, ఏ ఏడు, ఎన్ని తూటాలకు అనుమతి ఇచ్చారో అన్నీ ఉంటాయి. 1930ల నాటి పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. మన కుటుంబాలు ఏ ఊళ్లో ఎప్పుడు ఉన్నాయో చెప్పే కాగితాలు మనకు అంత ఎక్కువ లేవు. ఆ ఫోటోలు సంఘం చరిత్ర ఫైలుకు పంపితే, చిరునామా, నంబర్లు బయట పెట్టకుండా మేం భద్రపరుస్తాం. తుపాకీ నంబరు కనిపించే ఫోటోను మాత్రం దయచేసి గ్రూపులో పెట్టకండి, విడిగా పంపండి.