ఒక ఏడాది, మూడు సంఘటనలు: 1911 జపాన్‌లో స్త్రీలు

2024 జులైలో జపాన్ కొత్త కరెన్సీ నోట్లు విడుదల చేసింది. 10,000 యెన్ నోటు మీద షిబుసావా ఎయిచి బొమ్మ వేశారు. ఆధునిక జపాన్ పరిశ్రమలకు, బ్యాంకులకు పునాది వేసినవాడిగా ఆయనకు పేరు. 5,000 నోటు మీద త్సుదా ఉమెకో. ఆరేళ్ల వయసులో, 1871లో, ప్రభుత్వం చదువుకోడానికి అమెరికా పంపిన అయిదుగురు ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది. 1900లో టోక్యోలో స్త్రీల ఉన్నత విద్య కోసం కళాశాల పెట్టింది. 1,000 నోటు మీద కితాసాతో షిబాసాబురో. బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ దగ్గర పనిచేసిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త. పరిశ్రమ, స్త్రీవిద్య, వైద్యం. ఒక దేశం తన ఇరవయ్యో శతాబ్దపు ఆరంభాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలనుకుంటోందో ఈ మూడు నోట్లు చెబుతాయి.

ఈ ముగ్గురి మధ్యా తిరుగాడిన నాలుగో మనిషి ఒకామె ఉంది. ఆమె బొమ్మ ఏ నోటు మీదా లేదు. షిబుసావా పూనికతో 1882లో ఏర్పడిన ఒసాకా స్పిన్నింగ్ కంపెనీలో రాత్రీ పగలూ నూలు వడికింది ఆమె. త్సుదా ఉమెకో కళాశాల గేటు దాకా కూడా ఆమె రాలేదు. కాఖ్ అదే 1882లో కనిపెట్టిన క్షయ క్రిమి ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. జపాన్ భాషలో ఆమెని 'జోకో' అన్నారు. ఫ్యాక్టరీ ఆడకూలీ అని అర్థం.

స్త్రీల పత్రికల మీద పరిశోధన చేస్తూ నేను జపాన్ చరిత్రలోకి వెళ్లాను. నన్ను అటు లాగింది 'సెయితో' అనే పత్రిక. కానీ దాని చుట్టూ ఉన్న సంవత్సరాలు చదివేకొద్దీ ఆ పత్రిక ఒక్కదాన్నే చూడటం కుదరదని అర్థమైంది. ముఖ్యంగా 1911. ఆ ఒక్క ఏడాదిలో జపాన్‌లో మూడు సంఘటనలు జరిగాయి. జనవరిలో ఒక స్త్రీని ఉరితీశారు. మార్చిలో ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. సెప్టెంబరులో 'సెయితో' తొలి సంచిక వెలువడింది. మొదటిదాన్ని రాజకీయ చరిత్రలో, రెండోదాన్ని ఆర్థిక చరిత్రలో, మూడోదాన్ని సాహిత్య చరిత్రలో చదువుతాం. మూడింటినీ ఒకేచోట పెట్టి చదివితే ఏం కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం.

ముందు నేపథ్యం. 1905లో రష్యా మీద జపాన్ గెలిచినప్పుడు మన జాతీయవాదులతో సహా ఆసియా అంతా పొంగిపోయింది. ఒక ఆసియా దేశం యూరపు సామ్రాజ్యాన్ని ఓడించగలిగిందన్న ఆ పొంగులో, ఆ గెలుపుకి డబ్బెక్కడిదని అడిగినవాళ్లు తక్కువ. అప్పట్లో జపాన్ ఎగుమతుల్లో మొదటి స్థానం ముడిపట్టుది. 1909 నాటికి చైనాను దాటి ప్రపంచంలోనే అతి పెద్ద ముడిపట్టు ఎగుమతిదారు అయింది. యంత్రాలు, యుద్ధనౌకలు కొనడానికి కావలసిన విదేశీ మారకం తెచ్చింది ఈ పట్టే. ఆ పట్టుదారం తీసింది పదీ పన్నెండేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల లోపు ఆడపిల్లలు. దేశం మొత్తం మీద ఫ్యాక్టరీ కార్మికుల్లో సగానికి పైగా స్త్రీలే.

ఈ పిల్లలు పేద రైతు కుటుంబాల నుంచి వచ్చారు. ఏజెంటు ఊళ్లోకొచ్చి తండ్రి చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఒప్పందం మీద తండ్రి సంతకం, పని కూతురిది. హిదా ప్రాంతపు పిల్లలు మంచులో నోముగి కనుమ దాటి సువా లోయలోని మిల్లులకు నడిచివెళ్లేవాళ్లు. వేడినీళ్ల తొట్టిలో పట్టుగూళ్లు వేసి, కంటికి సరిగా ఆనని కొసలు వేళ్లతో పట్టుకుని, నాలుగైదు పోగులు కలిపి ఒక దారంగా చుట్టాలి. రోజుకి పదమూడు, పద్నాలుగు గంటలు. సువా మిల్లుల్లో కూలీ లెక్క చాలా తెలివైనది. మొత్తం కూలీ ముందే ఖాయం. తీసిన దారం నాణ్యతని, పరిమాణాన్ని బట్టి పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చి వరసలో పెట్టి పంచేవాళ్లు. ఒకరికి పెరిగితే ఇంకొకరికి తగ్గాల్సిందే. పక్కనున్న పిల్లే పోటీదారు అయిన చోట యజమాని కొరడా పట్టక్కర్లేదు. పని అయ్యాక గోడల మధ్య వసతిగృహం. పారిపోతే వెతికి పట్టుకొచ్చేవాళ్లు.

వాళ్లు నోరెత్తలేదా? ఎత్తారు. జపాన్‌లో నమోదైన తొలి సమ్మెగా చరిత్రకారులు చెప్పేది 1886లో కోఫు పట్టణంలోని అమెమియా పట్టు మిల్లులో జరిగింది. దాదాపు వందమంది ఆడపిల్లలు పని మానేసి గుళ్లో కూర్చున్నారు. జపాన్ కార్మికోద్యమ చరిత్ర ఆడపిల్లలతో మొదలైందన్నమాట.

1900లో వచ్చిన శాంతిభద్రతల పోలీసు చట్టం ఈ నోళ్లని రెండువైపుల నుంచీ కట్టేసింది. 17వ అధికరణం సమ్మెలకి పురికొల్పడాన్ని నేరం చేసింది. 5వ అధికరణం స్త్రీలు రాజకీయ సంఘాల్లో చేరకూడదు, రాజకీయ సభలకి వెళ్లకూడదు అంది. మైనర్లు, పౌరహక్కులు కోల్పోయినవాళ్లు ఉన్న జాబితాలోనే స్త్రీలనీ చేర్చారు. 1898 పౌరస్మృతి అప్పటికే ఇంటిపెద్దకి సర్వాధికారాలిచ్చింది. భర్త అనుమతి లేకుండా భార్య ఒప్పందాలు చేసుకోలేదు. వ్యభిచారం భార్య చేస్తేనే నేరం.

ఇప్పుడు 1911 జనవరి. కాన్నో సుగా ముప్ఫయ్యేళ్లయినా నిండని పాత్రికేయురాలు. ప్రభుత్వ లైసెన్సుతో నడిచే వ్యభిచార వ్యవస్థకి వ్యతిరేకంగా రాసింది. తర్వాత అరాచకవాదం వైపు నడిచింది. చక్రవర్తిని చంపడానికి కుట్ర పన్నారని 24 మందికి మరణశిక్ష వేశారు. అందులో పన్నెండుమంది శిక్ష మర్నాడే యావజ్జీవంగా మారింది. నిజంగా ఆ పథకంతో సంబంధం ఉన్నవాళ్లు నలుగురైదుగురే. వాళ్లలో సుగా ఉంది. ఆమె దాచలేదు. జనవరి 24న పదకొండుమంది పురుషుల్ని, మర్నాడు ఆమెని ఉరితీశారు. తీర్పు రోజు నుంచి చివరి వరకు ఆమె జైల్లో డైరీ రాసుకుంది. తన గురించి కంటే, ఏ పాపం ఎరగక తమతో పాటు శిక్షపడిన సహచరుల గురించే అందులో ఎక్కువ బాధపడింది. కాని ఆ తర్వాత చాలాకాలం ఆమె గురించి రాసినవాళ్లకి ఆమె ఆలోచనల కంటే ప్రేమవ్యవహారాలే ముఖ్యమయ్యాయి. కొతోకు షూసుయి సిద్ధాంతకర్త, సుగా ఆయన ప్రియురాలు. ఈ పంపకం మనకీ కొత్తది కాదు.

మార్చిలో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం చూడండి. పన్నెండేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. స్త్రీలకీ, పదిహేనేళ్లలోపు పిల్లలకీ రోజుకి పన్నెండు గంటలే. అదీ పదిహేనుమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల వర్తించదు. అమలు 1916లో. రాత్రిపని నిషేధాన్ని మరో పదిహేనేళ్లు వాయిదా వేశారు. షిబుసావా 1890ల్లో ఇలాంటి చట్టం తొందరపాటన్నాడు. తర్వాతి దశాబ్దంలో అభిప్రాయం మార్చుకున్నాడు. మిల్లు యజమానుల సంఘాలు మార్చుకోలేదు. 1913లో ఇషిహారా ఒసాము అనే వైద్యుడు మిల్లు స్త్రీలు, క్షయ గురించి ప్రసంగిస్తూ ఒక విషయం బయటపెట్టాడు. జబ్బుపడిన పిల్లల్ని మిల్లులు ఇళ్లకి పంపేస్తున్నాయి. వాళ్లు ఊళ్లలో చనిపోతున్నారు. మిల్లు రికార్డుల్లో ఆ చావులు లేవు. ఊళ్లలో క్షయ మాత్రం మిగిలింది.

ఇక్కడ మన దేశానికీ ఒక ముడి ఉంది. 1893లో జంషెడ్జీ టాటాతో ఒప్పందం చేసుకుని ఒక జపాన్ ఓడల కంపెనీ బొంబాయి మార్గం తెరిచింది. మన పత్తి ఆ ఓడల్లోనే ఒసాకా మిల్లులకి వెళ్లింది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక సమావేశం వారానికి 48 గంటలు అన్నప్పుడు జపాన్‌కి 57, పట్టు మిల్లులకి 60, బ్రిటిష్ ఇండియాకి 60 గంటల మినహాయింపు ఇచ్చింది. 1927లో మన టారిఫ్ బోర్డు, జపాన్ మిల్లులు స్త్రీలతో రాత్రిపని చేయించడం అన్యాయమైన పోటీ అని తేల్చింది. జపాన్ స్త్రీల రాత్రుల గురించి బొంబాయి మిల్లు యజమానులు ఆందోళనపడ్డ సందర్భం అది! ఆ రాత్రిపని చివరికి 1929లో ఆగింది.

సెప్టెంబరుకొద్దాం. హిరాత్సుకా రైచోకి అప్పుడు 25 ఏళ్లు. కూతురి పెళ్లి కోసం తల్లి దాచిన డబ్బుతో 'సెయితో' మొదలైంది. తొలి సంచిక వెయ్యి ప్రతులు. ప్రసిద్ధ కవయిత్రి యొసానో అకికో కవిత, స్త్రీని సూర్యుడితో పోలుస్తూ రైచో రాసిన ప్రకటన అందులో వచ్చాయి. 1916 ఫిబ్రవరిలో ఆగిపోయేదాకా 52 సంచికలు. వివాహేతర ప్రేమ గురించి అరాకి ఇకుకో రాసిన కథకి 1912 ఏప్రిల్ సంచికనీ, ఫుకుదా హిదెకో స్త్రీ సమస్య మీద రాసిన వ్యాసానికి 1913 ఫిబ్రవరి సంచికనీ, గర్భస్రావం గురించిన రచనకి 1915 జూన్ సంచికనీ నిషేధించారు. కన్యాత్వం, గర్భస్రావం, వ్యభిచారం మీద స్త్రీలు తమలో తాము బహిరంగంగా వాదించుకున్న పత్రిక ఇది. ఆ ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ 1912లో రైచో, మరికొందరు యొషివారా వేశ్యావాడ చూడటానికి వెళ్లిన సంగతి చదివినప్పుడు నాకు ఇబ్బంది కలిగింది. పత్రికలు దాన్ని 'కొత్త స్త్రీల' బరితెగింపుగా యాగీ చేశాయి. ఆ దాడిలో ఒక ప్రశ్న కొట్టుకుపోయింది. ఆ రాత్రి వాళ్లకి ఆతిథ్యమిచ్చిన స్త్రీ ఏమనుకుంది? ఆమెని అక్కడికి తెచ్చింది కూడా తండ్రి తీసుకున్న అడ్వాన్సే కదా. మిల్లుకీ వేశ్యావాడకీ దారి ఒకే ఊరి నుంచి, ఒకే కాగితం మీదుగా వెళ్లింది.

ఈ ప్రశ్న వేసిన మనిషి ఆ తరంలోనే ఉంది. యమకావా కికుయె త్సుదా ఉమెకో కళాశాల విద్యార్థిని. చదువుకునే రోజుల్లో క్రైస్తవ ప్రచారకులతో కలిసి టోక్యోలో ఒక నూలు మిల్లుకి వెళ్లింది. రాత్రిపనితో వాలిపోతున్న పిల్లల ముందు శ్రమ పవిత్రత గురించి బోధిస్తుంటే ఆ వేదిక మీద కూర్చోడానికి సిగ్గుపడ్డానని తర్వాత ఆత్మకథలో రాసుకుంది. 1918-19లో మాతృత్వ రక్షణ మీద పెద్ద వాదం నడిచింది. పదకొండుమంది పిల్లల్ని కలం సంపాదనతో పెంచుతున్న అకికో, స్త్రీ భర్త మీదా ప్రభుత్వం మీదా కూడా ఆధారపడకూడదంది. తల్లుల్ని పోషించడం ప్రభుత్వ బాధ్యత అంది రైచో. ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ మిల్లులో పన్నెండు గంటలు పనిచేసే తల్లికి ఈ ఆర్థిక వ్యవస్థ మారకుండా రెండూ దక్కవంది కికుయె.

ఆ వాదం నడుస్తున్న 1918 వేసవిలోనే బియ్యం ధర మండిపోయింది. తొయామా తీరంలోని ఉవోజులో జాలరి స్త్రీలు బియ్యం ఓడకెక్కనివ్వకుండా అడ్డుకున్నారు. ఆ తిరుగుబాటు దేశమంతా పాకి తెరావుచి ప్రభుత్వాన్ని పడగొట్టింది. ఆగస్టు 12న కోబెలో జనం సుజుకి కంపెనీ కార్యాలయాన్ని తగలబెట్టారు. ముందటేడు వ్యాపారంలో మిత్సుయినే దాటిన ఆ కంపెనీ యజమాని ఒక స్త్రీ, సుజుకి యొనే. వితంతువుగా మిగిలి వ్యాపారాన్ని నిలబెట్టినందుకు ఆమెని మెచ్చుకోవచ్చు. ఓడ ఆపినవాళ్లూ స్త్రీలే. స్త్రీల చరిత్ర అనగానే అందరినీ ఒకే పక్కన నిలబెట్టలేమని కోబె మంటలు చెబుతాయి.

రైచో కూడా కదిలింది. 1919లో ఇచికావా ఫుసాయెతో కలిసి నగోయా ప్రాంతపు బట్టల మిల్లులు చూసింది. మరుసటేడు ఇద్దరూ కలిసి నవ మహిళా సంఘం పెట్టారు. 1922లో 5వ అధికరణం సగం సడలి స్త్రీలు రాజకీయ సభలకి వెళ్లగలిగారు. పార్టీల్లో చేరే హక్కు, ఓటు హక్కు మాత్రం 1945లో గాని రాలేదు. 'సెయితో' చివరి సంపాదకురాలు ఇతో నోయె అవేవీ చూడలేదు. 1923 భూకంపం తర్వాత సెప్టెంబరు 16న సైనిక పోలీసులు ఆమెని, సహచరుడు ఒసుగి సాకాయెని, ఆయన ఆరేళ్ల మేనల్లుణ్ణి చంపారు. ఆమెకి 28 ఏళ్లు. ఆ హత్యలకి పదేళ్ల శిక్ష పడ్డ అధికారి మూడేళ్లకే బయటికొచ్చాడు.

చివరగా నన్ను వదలని ఒక జీవితం. 1925లో హొసొయి వాకిజో మిల్లు స్త్రీల దుఃఖచరిత్రగా ఒక పుస్తకం రాశాడు. ఈనాటికీ ఆ జీవితాల మీద ఆధార గ్రంథం అదే. అచ్చయిన నెలకే, 28 ఏళ్లకి చనిపోయాడు. ఆయన రాస్తున్నంత కాలం ఇల్లు గడిచింది తకాయి తొషివో మిల్లు కూలీతో. వసతిగృహాల లోపలి సంగతులు చెప్పిందీ ఆమే. వాళ్లది రిజిస్టరైన పెళ్లి కాదు. కాబట్టి పుస్తకం రాయల్టీ మీద ఆమెకి హక్కు లేకపోయింది. రైచో కూడా పెళ్లిని నిరాకరించి సహజీవనం చేసింది, 1941 దాకా రిజిస్టరు చేసుకోలేదు. ఆ నిర్ణయాన్ని మనం స్త్రీవాద చరిత్రలో గౌరవంగా రాస్తాం. అదే నిర్ణయం తొషివోని కట్టుబట్టలతో నిలబెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆమె దినకూలీ చేసి పిల్లల్ని పెంచింది. 1980లో, డెబ్బయ్యెనిమిదేళ్ల వయసులో, తన ఆత్మకథ ప్రచురించింది. భర్త పుస్తకం పేరుకే ముందు 'నా' అని ఒక్క మాట చేర్చి దానికి పేరుగా పెట్టుకుంది.

పరిశోధకులుగా మనం రాసిన స్త్రీలనే ఎక్కువ వెతుకుతాం. ఎందుకంటే వాళ్ల కాగితాలు దొరుకుతాయి. పత్రిక పెట్టడానికి తల్లి దాచిన డబ్బుండాలి, రాయడానికి రాత్రి ఖాళీ ఉండాలి. రాత్రంతా మిల్లులో ఉన్నవాళ్ల సంగతి ఇంకొకరి పుస్తకంలో, ఇంకొకరి పేరు మీద దొరుకుతుంది. 1911ని సుగా ఉరితో, ఫ్యాక్టరీ చట్టంతో, 'సెయితో'తో కలిపి చదవాలని నేననేది అందుకే. అలా చదివినప్పుడు రైచో చిన్నదైపోదు. ఆమె 1919లో మిల్లు గుమ్మం దాకా ఎందుకు వెళ్లవలసివచ్చిందో అర్థమవుతుంది. మన భాషలో కూడా పురుషుల ఆత్మకథల్లో, ఉద్యమ చరిత్రల్లో, పుస్తకం వెనక ఒక వాక్యం కృతజ్ఞతగా మిగిలిన తొషివోలు ఎందరున్నారో లెక్కతీయడం మనం చేయగలిగిన పని. అందరూ 'నా' అని రాసుకోడానికి డెబ్బయ్యెనిమిదేళ్లు బతకరు.