బయానా

హైదరాబాదులోని నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ దగ్గరి రిజిస్ట్రేషన్ కార్యాలయం చుట్టుపక్కల, దస్తావేజులు రాసేవాళ్ల నోట తప్పక వినిపించే మాట బయానా. అరబ్బీలో ‘బై’ అంటే అమ్మకం. దానికి పారశీక ప్రత్యయం ‘ఆనా’ చేరి, ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చింది. తెల్లకాగితం మీద రాసుకునే అమ్మకపు పత్రం, సాదా బైనామాలోని ‘బై’ కూడా ఇదే. కోస్తాలో బయానానే బజానా అంటారు. పాత తెలుగు మాట సంచకారం ఇప్పుడు నిఘంటువులకే మిగిలింది.

బేరం కుదిరిందనడానికి ముందుగా ఇచ్చే సొమ్మిది. అబిడ్స్ వైపు మధ్యవర్తులకు మాత్రం పెట్టుబడి కూడా ఇదే. కొద్దిపాటి బయానాతో ఇల్లు పట్టుకుని, గడువులోగా ఆ ఒప్పందాన్ని ఇంకొకరికి అప్పగిస్తారు. అమెరికాలో ఈ పనికి హోల్‌సేలింగ్ అని పేరు. మరి ఇంటికి ఎంతవరకు పెట్టొచ్చు? అక్కడి మోటు లెక్క: బాగుచేశాక పలికే ధరలో 70 శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చు, తన లాభం తీసేయాలి. 60 లక్షలు పలికే ఇంటికి 42 లక్షలు. మరమ్మతుకు 6, తనకు 2 పోతే 34 లక్షలు. అంతకు పైసా ఎక్కువ పెట్టకూడదు.

ఇక్కడ 70 శాతాన్ని గుడ్డిగా నమ్మలేం. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చే 2021 జులై నుంచి 7.5 శాతం. ఆ ఖర్చు తప్పించుకుందామన్నా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితంతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువులోగా కొనేవాడు దొరక్కపోతే వినిపించేది రెండే మాటలు: ‘బయానా పోయింది.’