హాస్టల్ గదికి వచ్చిన పికాసో

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. పాఠకుడి గుమ్మం దగ్గరికే పుస్తకం వెళ్లాలన్నది మన గ్రంథాలయోద్యమం పట్టుదల. సరిగ్గా అయిదేళ్లకు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఓబర్లిన్ అనే చిన్న ఊళ్లో ఒక లైబ్రేరియన్ బొమ్మలతో అదే పని చేశారు.

ఆమె పేరు ఎలెన్ జాన్సన్. ఓబర్లిన్ కాలేజీలో చదువుకుని, 1939లో అక్కడి కళా గ్రంథాలయం చూసుకోవడానికి తిరిగి వచ్చారు. కాలేజీకి 1917 నుంచే సొంత మ్యూజియం ఉంది. చిక్కల్లా చూడటంలోనే. విద్యార్థి బొమ్మ ముందు ఆగుతాడు, కింద పేరు చదువుతాడు, పక్క బొమ్మకు జరుగుతాడు. పోనీ పుస్తకాల్లో చూద్దామంటే ఆ రోజుల్లో అవి చిన్న చిన్న నకళ్లు, ఎక్కువగా నలుపు తెలుపువే. కాగితంలోకి సిరా ఎలా ఇంకిందో వాటిలో తెలియదు. పాఠం ఎంత బాగా చెప్పినా ఆ లోటు తీరదు. బొమ్మ మనసుకెక్కాలంటే పొద్దుటి ఎండలోనూ రాత్రి దీపం కిందా, సంతోషంలోనూ దిగులులోనూ అది కళ్లెదుట ఉండాలి. అంటే మన గదిలోనే ఉండాలి.

ఉండాలి సరే, ఇచ్చేదెవరు? హాస్టల్ గోడ, మేకు, తేమ, అర్ధరాత్రి దాకా స్నేహితుల సందడి. అలాంటి చోటికి అసలు చిత్రాన్ని పంపాలంటే ఏ మ్యూజియం వారికైనా గుండె ఝల్లుమంటుంది. ఇక్కడే అదృష్టం కలిసొచ్చిందని నా నమ్మకం. ఆ చిక్కు రోజూ పుస్తకాలిచ్చి పుచ్చుకునే మనిషి కంటబడింది. చేతులు మారితే పుస్తకం నలుగుతుందని తెలిసీ ఇస్తూనే ఉంటాం కదా! 1940లో ఎలెన్ బొమ్మలనూ అలాగే అద్దెకివ్వడం మొదలుపెట్టారు.

ఇలాంటి చోట్ల ప్రింట్లు బాగా అక్కరకొస్తాయి. చిత్రకారుడు రాతి మీదో లోహపు రేకు మీదో గీసి, దాని నుంచి కొన్ని ప్రతులు తీస్తాడు. ప్రతి ఒక్కటీ అసలైనదే, ధర మాత్రం తైలవర్ణ చిత్రమంత ఉండదు. క్రమంగా పికాసో, షగాల్, వార్హోల్ వంటి పేరున్న చిత్రకారుల బొమ్మలు ఓబర్లిన్ హాస్టల్ గదులకు చేరాయి. అద్దె ఒక్కోదానికి సెమిస్టరుకు అయిదు డాలర్లు ఉండేది, మనిషికి రెండు బొమ్మలు ఇచ్చేవారు. ఎవరు ముందొస్తే వాళ్లకే మొదటి ఎంపిక కాబట్టి, ముందు రాత్రే మ్యూజియం ఆవరణలో గుడారాలు వేసుకుని పడుకోవడం విద్యార్థులకు ఆచారమైపోయింది. బొమ్మ కోసం రాత్రంతా మంచులో కాచుకునే కుర్రకారు! ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

ఇలాంటి ఆలోచన ఇంకొందరికీ వచ్చింది. 1950ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ కోయిస్ట్రా అనే చిత్రకారుడు సామాను సైకిలు మీద తోటివారి బొమ్మలు వేసుకుని ఇంటింటికీ అరువివ్వబోయాడు. 1960ల చివరికి అమెరికాలోని ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయం కూడా ఈ దారి పట్టింది. అక్కడ అద్దె లేదు. లాటరీలో పేరొస్తే చదువు సంవత్సరమంతా బొమ్మ మీ గదిలోనే. ఎలెన్ 1992లో కన్నుమూశారు. ఓబర్లిన్‌లో ఆమె పెట్టిన ఆచారం ఆమె తర్వాతా సాగింది.

ఇక మన సంగతి. మా శృంగవరపుకోట నుంచి విజయనగరానికీ విశాఖకూ చదువులకెళ్లి అద్దె గదుల్లో ఉండే పిల్లలెందరో. బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు గారు విజయనగరంలో ఎందరికో కుంచె పట్టడం నేర్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో కొత్తవాళ్లు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. బొమ్మలకూ చూసే కళ్లకూ ఇక్కడ కొరత లేదు. అలా అరువివ్వడానికి కావలసింది ఫ్రేములకు, అద్దాలకు, పాడైతే బాగు చేయించడానికి కొంత సొమ్ము, కాలేజీ లైబ్రరీలో ఒక అర, ఒక రిజిస్టరు. పుస్తకాలు కొనిచ్చే దాతలు మనకు మొదటి నుంచీ ఉన్నారు. ఈసారి వాళ్లను ఒక బొమ్మకు ఫ్రేము కట్టించమని అడుగుదాం.