వలస పల్లెల్లో పసిమనసుల గాయం: కొల్లాపూర్ ప్రాంతంలో సముదాయ శిక్షణ అవసరం

బాల్యంలో తగిలిన మానసిక గాయం చదువును దెబ్బతీస్తుందని ఉపాధ్యాయులకు చెప్పడం అవసరమే. అయితే ఆ శిక్షణ బడి గోడల లోపలే ఆగిపోతే కొల్లాపూర్ వంటి వలస ప్రాంతంలో సగం పని కూడా జరగదు. ఇక్కడ ఎంతోమంది పిల్లలను ఏడాదిలో కొన్ని నెలలు సాకేది అవ్వాతాతలే. శిక్షణ వాళ్ల దాకా వెళ్లాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

నేపథ్యం

తెలంగాణలోని పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) ప్రాంతంలో కృష్ణ ఒడ్డున, నల్లమల అంచున ఉన్న కొల్లాపూర్ రెండు రకాల ఎడబాట్లు చూసింది. మొదటిది ముంపు. శ్రీశైలం జలాశయం కింద నదికి ఇరువైపులా వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి జీవో 98 అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల పాటు పోరాడారు. రెండోది వలస. కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు పాలమూరు లేబర్ దేశమంతా తిరిగారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోయింది. ఊళ్లో వదిలిపోతే తల్లిదండ్రుల తోడు పోయింది.

చదువుపై ప్రభావం

అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 17 వేల మందికి పైగా పెద్దలపై జరిపిన అధ్యయనం తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చిన్నప్పటి హింస, ఇంట్లోని కల్లోలం ఎన్ని రకాలుగా ఎదురైతే పెద్దయ్యాక జబ్బుల ముప్పు అంతగా పెరుగుతుందని అవి చూపాయి. ఊరు మునగడం, అప్పు తీర్చడానికి వలసపోవడం ఆ ప్రశ్నావళిలో లేవు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ వాడితే కుదరదు.

భయం వదలని పిల్లల ధ్యాస పాఠం మీద నిలవదు. అలాంటి పిల్లవాడు ఎక్కం సగంలో మరచిపోతాడు. బయట వలస కూలీలను తీసుకెళ్లే డీసీఎం వ్యాన్ ఆగిన చప్పుడైతే కిటికీ వైపు చూస్తాడు. పక్కవాడు పలక ముట్టుకుంటే మీద పడి కొడతాడు. మరో పిల్ల నోరే విప్పదు. ఒకరికి మొండి అని, ఇంకొకరికి మొద్దు అని పేరు పడుతుంది. ఆపై బెత్తం దెబ్బ పడితే ఉన్న భయం రెట్టింపవుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఆ దెబ్బనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అలాగని వెనుకబడిన ప్రతి పిల్లకూ గాయమే కారణమనుకోకూడదు. చూపు, వినికిడి, రక్తహీనత ముందు పరీక్షించాలి.

శిక్షణ స్వరూపం

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. ఎక్కువ కష్టాల్లో పెరిగిన వాళ్లలోనూ సుమారు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు అండగా నిలిచిన వాళ్లలో అవ్వాతాతలు, ఉపాధ్యాయులు ఉన్నారు. కొల్లాపూర్ పల్లెల్లో ఆ మనుషులు ఇప్పటికే ఉన్నారు, వాళ్లకు కావలసింది అవగాహన.

కనుక ఉపాధ్యాయులతో పాటు అంగన్‌వాడీ టీచర్లను, ఆశా కార్యకర్తలను, మహిళా సంఘాలను, అవ్వాతాతలను ఒకచోట కూర్చోబెట్టి వలస మొదలయ్యే ముందే శిక్షణ ఇవ్వాలి. మాటలు పాలమూరు యాసలో ఉండాలి. పిల్లలు నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్లిపోవద్దని, ఎక్కడికి పోతున్నారో, ఏ పండుగకు వస్తారో చెప్పి వెళ్లాలని తల్లిదండ్రులకు నేర్పాలి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయించాలి. తరగతిలో రోజువారీ క్రమం మారకుండా చూడాలి. పిల్లల బాధను పదిమందిలో తవ్వకూడదు. అపాయం కనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు, మానసిక సాయం కావాలంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలని అందరికీ తెలియాలి.

ముగింపు

ఊళ్లో పనికీ, వలస పిల్లల సీజనల్ హాస్టళ్లకూ శిక్షణ ప్రత్యామ్నాయం కాదు, అవీ కావాలి. శిక్షణ ఫలితాన్ని మాత్రం హాజరు పట్టీలోని సంతకాలతో లెక్కగట్టకూడదు. వలస నెలల్లో ఎంతమంది పిల్లలు బడి మానకుండా నిలిచారన్నదే దానికి అసలు కొలత.